పడుగు పరదేశము

ప్రతి సంవత్సరమును ఆగస్టు 7వ తేదీని మా పాఠశాలలో చేనేత దినోత్సవము జరుపుదుము. 1905లో ఆ దినముననే కలకత్తా టౌనుహాలులో స్వదేశీ యుద్యమము ప్రకటింపబడినది గాన, 2015 నుండి ప్రభుత్వమువారు ఆ తేదీని చేనేతకు కేటాయించిరి. ధర్మవరము పట్టుచీరలకు పేరొందిన యూరు. మా తరగతులలోని పిల్లలు పెక్కుమంది మగ్గపు గుంట ప్రక్కను పుట్టి పెరిగినవారు. అట్టిచోట సంస్కృతమును ఆంగ్లమును చదువుకొన్న యుపాధ్యాయుని ఉపన్యసింపుమన్నచో అతడు క్లుప్తముగా ముగించునా? 2019లో నేను గంటకు పైగా మాటలాడితిని. లేపాక్షి గుడి పైకప్పు మీది చిత్రములలోని అంచులు మన చీరలకెక్కిన విధమును వర్ణించితిని. ధర్మవరపు చీర యాద్యంతము స్వదేశీయమనియు, అందు ఒక్క పోగైనను పరాయిది కాదనియు బల్ల గ్రుద్ది చెప్పితిని. పిల్లలు చప్పట్లు కొట్టిరి.

సభ ముగిసిన పిమ్మట ఒక విద్యార్థి తండ్రి నా యొద్దకు వచ్చి, "శానా బాగా చెప్పినారు అయివారూ. తీరిక ఉన్నెప్పుడు ఒగసారి మా యింటికాడికి వచ్చి పోతారా?" అని యడిగెను. మెచ్చుకొనుటకే పిలుచుచున్నాడనుకొని ఆ సాయంత్రమే పోయితిని. ఆయన నన్ను మగ్గము చెంత కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, అటక మీదినుండి ఒక దారపు కట్టను దింపి నా చేతిలో నుంచెను. దాని చుట్టు కాగితముపై నేను చదువలేని అక్షరములు అచ్చువేయబడి యున్నవి. "పేక మనదే సారూ. పడుగు మాత్రం చైనాది," అని ఆయన మెల్లగా చెప్పెను. పిల్లవాని యెదుట నన్ను చిన్నబుచ్చుట కిష్టములేక ఇంటికి పిలిచినాడని అప్పుడు తెలిసినది.

మగ్గము చూడనివారి కొఱకు ఒక మాట. నిలువున లాగి కట్టిన వేలపోగులు పడుగు. అడ్డముగా నాడె తోసికొనిపోవు పోగు పేక. పేక పోగు కొంచెము గరుకైనను, సన్నలావులున్నను చెల్లిపోవును. పడుగు అట్లు కాదు. అది రోజుల తరబడి బిగువును భరింపవలెను. అచ్చు పండ్ల నడుమ వేలమాఱులు రాపిడి తినవలెను. ఒక్క పోగు తెగినను నేతగాడు మగ్గమాపి, దానిని వెదకి, ముడివేసి మఱల సాగవలసినదే. కావున చీరకు బలమంతయు పడుగునందున్నది. ఆ బలమునే మనము ఒకే పరదేశము నుండి తెచ్చుకొనుచుంటిమి. నా గంటసేపటి యుపన్యాసములో ఈ సంగతి లేదు.

నాకు సిగ్గు వేసినది. దానికంటె నెక్కువగా కోపము వచ్చినది. ఆ కోపమునకు నా యింటి కారణమొకటి కలదు.

మాది మడకశిర ప్రాంతపు పల్లె. ఒక యెకరపు మల్బరీ తోట, ఒక బోరు, ఒక పొడవైన మట్టిగది మా జీవనాధారము. ఆ గదిలో మా యమ్మ పట్టుపురుగులను పెంచెడిది. గ్రుడ్డు పగిలిన నాటినుండి గూడు కట్టువఱకు ఇంచుమించు నాలుగు వారములు. ఆ నాలుగు వారములును ఇంటిలో ఎవరికిని సరియైన నిద్ర లేదు. చీమ పిల్లలవంటి పురుగులకు ఆకును సన్నముగా తఱిగి వేయవలెను. నాలుగు జ్వరముల తరువాత అవి వ్రేలంతయై కొమ్మలకు కొమ్మలు తినివేయును. (పురుగు పొర విడుచుటకు ముందు మేత మాని కదలక పడియుండుటను మావారు జ్వరమందురు.) అర్ధరాత్రమున వేలకొలది పురుగులు ఆకు నములుచుండగా వానకురిసినట్లు చప్పుడగును. ఏటికి 550 మిల్లీమీటర్ల వాన పడుటయే గగనమైన మా సీమలో నేను చిన్ననాట ఎక్కువగా విన్న వానచప్పుడు అదియే. నా చదువునకు, అక్క పెండ్లికి, బోరు మోటారునకు సొమ్ము ఆ గది నుండియే వచ్చినది.

ఈ శతాబ్దారంభమున చీనా ముడిపట్టు మన దేశములోనికి వెల్లువగా వచ్చినది. సంవత్సరమునకు సుమారు 9 వేల టన్నుల దాక పోయినది. అప్పుడు దేశమంతట పండిన పట్టు 16 వేల టన్నులకు లోపే. హిందూపురపు గూళ్ల మార్కెట్టులో ధర పడిపోయెను. 2002లో మా యమ్మ గోతాములు దింపుకొని సాయంకాలము దాక కూర్చుండి, తాననుకొన్న దానిలో సగమునకు అమ్మివచ్చెను. ఆ యేడే కఱవు వచ్చి బోరును ఎండినది. కనుక దోషమంతయు చీనాదే యనుట న్యాయము కాదు. అయినను మా యింట అట్లే అనుకొంటిమి. మా నాయన గడ్డపాఱతో మల్బరీ మొదళ్లను పెకలించి ఆ నేలలో వేరుశనగ విత్తెను. మఱు సంవత్సరము, అనగా 2003లో, ప్రభుత్వము చీనా పట్టుపై ప్రతిదిగుమతి సుంకము విధించినది. మొదళ్లు అప్పటికి పొయ్యిలో కాలిపోయినవి.

ఈ కథను ఆ నేతగానికి చెప్పితిని. మీరు కొనుచున్న దారమే మా తోటను చంపినదని కూడ, కొంచెము కటువుగానే, అంటిని. ఆయన నొచ్చుకొనలేదు. "మీ అమ్మగారి కష్టం నిజమే సారూ. కానీ చరకా మీద తీసిన దారం పడుగుకేస్తే దినానికి ఎన్నిసార్లు తెగుతాదో తెల్సునా? తెగినప్పుడంతా ముడేసుకోవల్ల. పదైదు దినాల చీర ఇరవై దినాలైతాది. కూలి మాత్రం చీరకింతే గదా!" అనెను. నాకు ప్రత్యుత్తరము తోచలేదు. మడకశిరలో ఒక స్త్రీ, ధర్మవరములో ఒక పురుషుడు. ఇద్దఱును ఒకే జిల్లావారు, ఒకే పట్టును నమ్మినవారు, ఒకరి లాభము మఱియొకరికి నష్టముగా నిలిచినారు. స్వదేశీయమును గూర్చి వ్రాయువారము ఈ యిద్దఱిలో ఎవరితో మాటలాడుచున్నామో ముందు తేల్చుకొనవలెను.

ప్రభుత్వ సుంకములును ఈ యిద్దఱి నడుమ త్రాసువలె ఊగుచునే యున్నవి. ముడిపట్టుపై 30 శాతమున్న దిగుమతి సుంకమును 2011లో 5 శాతమునకు తగ్గించిరి: నేతగాడు సంతోషించెను. 2013లో 15 శాతమునకు పెంచిరి: రైతు సంతోషించెను. నడుమ మఱల తగ్గి, 2021లో పది నుండి పదునైదునకు మఱల పెరిగినది. మొక్క నాటి కొమ్మలు కోతకు వచ్చుటకు పట్టు కాలములో సుంకము మాఱిపోవుచున్నచో ఏ రైతు ధైర్యముతో నాటును? సుంకము అక్కఱలేదని నేననను. అది గొడుగువంటిది, వాన వెలియు లోపల ఇల్లు కప్పుకొనవలెను గాని గొడుగునే యిల్లనుకొనరాదు.

ఇక 2020 సంవత్సరము వచ్చినది. చీనాలో రోగము, రేవులలో నిలుపుదల, పిమ్మట సరిహద్దున గల్వాను లోయలో రక్తపాతము. ధర్మవరములో మగ్గములు మూగవోయినవి. దారము రాకపోవుట యొక్కటే దానికి హేతువు కాదు. పెండ్లిండ్లే లేనప్పుడు చీరలు కొనువారెవరు? కాని పెండ్లిండ్లు మఱల మొదలయిన తరువాత గూడ మా వీధిలో కొన్ని మగ్గములు ఊరక పడియుండెను. అడిగినచో, దారము ధర అందుట లేదనిరి. ఆ నేతగాని పెద్దకుమారుడు చదువు మాని బెంగుళూరున వాచ్‌మన్ పనికి పోయెను. నా తరగతిలో పద్యము తప్పులేకుండ చదువువాడు. అంతవఱకు నేను దీనిని ముడిసరుకుల శాస్త్రముగా చూచితిని. ఖాళీయైన ఆ బల్లను చూచిన పిమ్మట అట్లు చూడలేకపోతిని.

పరదేశపు సరకును మనము ముట్టనే కూడదని కొందఱందురు. సంస్కృతము చదివిన వారెవ్వరును ఈ మాట యనజాలరు. శాకుంతలమున కాళిదాసు చీనాంశుకమును ఉపమానముగా వాడినాడు. కౌటిల్యుని అర్థశాస్త్రమున చీనపట్టము ఖజానాలో చేర్పదగిన వస్తువులలో నొకటి. రెండువేల యేండ్లనాటి వ్యాపారమును పాపమనుట యేల? వ్యాపారమున దోషము లేదు. ఊరికి ఒకే వాకిలి యుండి, ఆ వాకిటి గడియ పరుల చేతిలో నుండుటయే దోషము.

దీనికి యూరపు చరిత్రలో మంచి నిదర్శనమున్నది. పందొమ్మిదవ శతాబ్దపు నడుమ ఫ్రాన్సు దేశమున పట్టుపురుగులకు పెబ్రీను అను రోగము సోకినది. రైతులు ఇటలీనుండి గ్రుడ్లు తెచ్చుకొనిరి. రోగము ఇటలీకి ప్రాకెను. తుర్కీనుండి తెచ్చుకొనిరి, అక్కడికిని ప్రాకెను. తుదకు ఆరోగ్యమైన గ్రుడ్లకు జపాను ఒక్కటే దిక్కయినది. 1865లో లూయీ పాశ్చరు ఆలేస్ పట్టణమునకు పంపబడెను. అతడు రసాయన శాస్త్రజ్ఞుడు. అంతకు మునుపు పట్టుపురుగును చేతపట్టి యెఱుగడు. అయిదేండ్లు శ్రమించి ఒక తేలిక యుపాయము కనిపెట్టెను: ఒక్కొక్క తల్లిచిలుకను విడిగా గ్రుడ్లు పెట్టించి, తరువాత దానిని నూఱి సూక్ష్మదర్శినిక్రింద పరీక్షించి, రోగపు కణములు కనబడినచో ఆ గ్రుడ్లను కాల్చివేయవలెను. ఒక చిలుక పెట్టు నాలుగైదు వందల గ్రుడ్ల భాగ్యము ఆ ఒక్క పరీక్షపై నిలిచియున్నది. నేటికిని మన గ్రుడ్ల కేంద్రములలో జరుగునది ఈ పరీక్షయే. మా యమ్మ పాశ్చరు పేరెఱుగదు గాని "పరీక్ష గుడ్లేనా?" అని యడుగక తెచ్చుకొనెడిది కాదు.

కాని ఈ కథకు చివరి భాగమొకటి కలదు. పాఠ్యపుస్తకములు దానిని చెప్పవు. పురుగు బ్రతికినది గాని ఫ్రెంచి రైతు కోలుకొనలేదు. 1869లో సూయెజు కాలువ తెఱువబడి ఆసియా పట్టు చౌకగా ఆ రేవులకు చేరసాగినది. శాస్త్రము ఒక కన్నమును పూడ్చునంతలో వ్యాపారము వేఱొక కన్నము త్రవ్వినది.

అమ్మువాడును సుఖముగా లేడు. అమెరికా మేజోళ్లకు జపాను పట్టే యాధారముగా నుండెను. 1940 మే నెలలో నైలాను మేజోళ్లు అంగళ్లకు వచ్చెను. 1941 వేసవిలో ఇరుదేశముల వైరమువలన పట్టు వ్యాపారము నిలిచిపోయెను. యుద్ధము ముగిసిన తరువాత ఆ మేజోళ్ల గిరాకి జపానుకు మఱల దక్కలేదు.

మఱి మన దేశమున ఏమి జరిగినది? ఏమియు జరుగలేదనుట తప్పు. 1949లో కేంద్ర పట్టు మండలి యేర్పడినది. 1991 మొదలుకొని జపానువారి సహాయముతో కర్ణాటక, ఆంధ్ర, తమిళ దేశములలో ద్వివార్షికపు జాతుల పెంపకమును నేర్పిరి. మైసూరు పరిశోధనాలయమున మన యెండకు తాళగల సంకర జాతులు పుట్టినవి. హిందూపురము చెంత కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ యున్నది. మా యమ్మ పెంచినది పసుపు గూళ్ల పురుగు. ఇప్పుడు మా యూరివారు పెంచునది తెల్లగూళ్లది. దాని గూటినుండి వేయి మీటర్లకు పైబడిన పోగు తెగక వచ్చును. మునుపు కిలో దారమునకు ఏడెనిమిది కిలోల గూళ్లు కావలసియుండగా ఇప్పుడు ఆఱు, ఆఱున్నర చాలును. శతాబ్దారంభమున దేశమంతట వేయి టన్నులైన లేని తెల్లపట్టు 2023-24లో 9 వేల టన్నులు దాటినది. పట్టు మొత్తము 38,913 టన్నులు. దిగుమతి రెండు మొదలు నాలుగు వేల టన్నులకు దిగినది. జపానువారి యొద్ద నేర్చుకొంటిమి కదా, అదియును పరాధీనమే కాదా యని నా సహోపాధ్యాయుడొకడు యెత్తిపొడిచెను. నేర్చుకొన్నది తిరిగి తీసికొనిపోజాలరు. కొనితెచ్చుకొన్నది రేపు పంపక మానవచ్చును. ఇంతకంటె వేఱు భేదము నాకు కనబడదు.

అయినను ధర్మవరపు అటక మీద ఆ కట్ట ఇంకను ఏల యున్నది? ఈ ప్రశ్నకు జవాబు కొఱకు రెండు వేసవి సెలవులు తిరిగితిని. జవాబు నేననుకొన్నచోట, అనగా తోటలోగాని మగ్గములోగాని, లేదు, నడుమ నున్నది. గూటిని ఉడికించి దారము తీయు పని మన జిల్లాలో బహుకొద్ది. హిందూపురపు గూళ్లు పెక్కు సిడ్లఘట్టకు, రామనగరమునకు పోయి, అక్కడ దారమై, బెంగుళూరు వర్తకుల చేతులు మాఱి, పురి పెట్టబడి, తిరిగి ధర్మవరమునకు వచ్చును. రీలింగు చేయువారు పెట్టుబడి లేని చిన్నవారు, ఆవిరిలో నిలబడి వేళ్లు ఒలిచికొనిపోవు పని, కొడుకులకు నేర్పరు. మంచి తెల్లగూటిని పాతచరకాపై తీసినచో మంచి దారము రాదు, మంచి బియ్యమును మాడ్చినట్లగును. సన్నలావులు లేక తీయుటకు స్వయంచాలక యంత్రములు కావలెను. ఆ యంత్రములును బహుకాలము చీనానుండియే వచ్చినవి! బెంగుళూరున మనవారును వానిని తయారుచేయ మొదలుపెట్టిరి గాని, నేను చూచిన రెండు యంత్రములలో ఒకదాని పేరుపలకపై మఱల ఆ చదువరాని అక్షరములే.

ఇట్టి నడిమి లంకెలను ఎవరును పొగడరు. రైతునకు పాటలున్నవి, నేతగానికి సన్మానములున్నవి. గూళ్లు ఉడికించువానికి ఏ దినోత్సవము లేదు. మన పెనుకొండ దగ్గఱ 2019లో కారుల కర్మాగారము వెలసినది. కారు మనదని సంతోషించుచున్నాము. 2025 ఏప్రిలులో చీనా ప్రభుత్వము ఏడు విరళమృత్తికలపైనను వానితో చేయు అయస్కాంతములపైనను ఎగుమతి కట్టడి పెట్టినప్పుడు, కారు కదలుటకు అరచేతిలో పట్టు అయస్కాంతపు ముక్క కావలెనని ప్రపంచమునకు జ్ఞాపకము వచ్చినది. ఖనిజము త్రవ్వు దేశములు వేఱొకచోటను గలవు. దానిని శుద్ధిచేయు నడిమి పనియే ఇంచుమించు ఒక్కచోట కూడుకొన్నది.

నీటి మాట దాచుట న్యాయము కాదు. మల్బరీ మెట్టపంట కాదు. బొట్టుసేద్యముతో కొంత పొదుపగును గాని ఏడాది పొడవున తడి కావలెను. మా యూరిలో ప్రతి కొత్త తోటయు ఒక కొత్త బోరు. లోతు ఏటేట పెరుగుచున్నది. చీనామీది యాధారమును తగ్గించుకొనుటకై పాతాళగంగమీద యాధారపడుచున్నామా యని నాకు భయము. ఈ సీమకు ఒక్కదానినే నమ్మినందువలని శిక్ష కొత్త కాదు. ఒకానొకప్పుడు ఏడెనిమిది లక్షల హెక్టారులలో వేరుశనగ తప్ప మఱియొకటి విత్తలేదు; వాన తప్పిన యేడు జిల్లా యంతయు ఒకేసారి కూలినది. అంత వేరుశనగ పండిన జిల్లాలో మా వంటింటిలోనికి ఏ నూనె వచ్చుచున్నదో 2022 ఏప్రిలు చివర ఇండోనేషియా వారు పామాయిలు ఎగుమతి కొన్నివారములు నిలిపినప్పుడు గాని మా యింటిదానికి తెలియలేదు. ఆమె డబ్బాలు త్రిప్పి త్రిప్పి చదివినది.

ఈ మధ్య మా మేనకోడలి పెండ్లికి చీర కావలసివచ్చినది. పడుగును పేకయు రెండును మన తెల్లగూళ్ల పట్టుతోనే నేయవలెనని ఆ నేతగానినే యడిగితిని. ఆయన కొంచెమాలోచించి, యంత్రముపై తీసిన దారమని వర్తకుడు పూచీయిచ్చినదానినే తెప్పించెను. చీరకు పదునైదు దినములకు మాఱుగా పందొమ్మిది దినములు పట్టినవి. ఆ నాలుగు దినముల కూలి నేనిచ్చెదనంటిని. నా భార్య చీరను వెలుతురున పట్టి చూచి, "చైనాదానికీ దీనికీ నాకేమీ తేడా కనపడలేదు. ఈ నాలుగు దినాల కూలి మనమిస్తిమి సరే, రేపు అంగట్లో చీర కొనే ఆమె ఇస్తుందా?" అనినది. ఇయ్యదని నాకు తెలియును. ఎవరీయవలెనో మాత్రము నేనింకను తేల్చుకొనలేదు. రీలింగువానికి యంత్రమిచ్చినట్లే నేతగానికి మొదటి రెండుమూడేండ్లు తెగుళ్ల నష్టమును సర్కారు భరింపవలెనని నా తలంపు. దీనిని వ్రాసి ఒక కార్యాలయమునకు పంపితిని. అందినట్లు రశీదు వచ్చినది.

నేతగాడు మాత్రము తెగుళ్లను లెక్కపెట్టి, కొడుకు పాత నోటుపుస్తకములో దినమునకు ఒక వరుసగా గీతలు గీసియుంచెను. మొదటి దినములలో గీతలు వరుసనిండ నున్నవి. పదవ దినము తరువాత పలుచబడినవి. ఎందువలననని యడిగితిని.

"దారం తప్పు కాదు సారూ. పురి సరిగా పడల్యా. మొదట ఇచ్చిన కండెలు ఒగరు తిప్పినవి, తర్వాతవి ఇంకొగరు తిప్పినవి. ఆ రెండోవాళ్ల దగ్గరే ఇంకో రెండు చీరలకు తిప్పించి తెస్తాను, చూద్దాం," అని యాతడు నోటుపుస్తకమును అటకపైన, ఆ పాతకట్ట ప్రక్కను పెట్టెను.